ఆకుపచ్చ చుక్క

"మన మాస్టారు ఇవాళ కూరగాయల మార్కెట్లో ఉన్నారు!"

ఆసుపత్రిలో కంప్యూటరు ముందు కూర్చున్న నర్సమ్మ ఉండబట్టలేక పైకే అనేసింది. పక్క సీటు అమ్మాయి తల కూడా ఎత్తలేదు. ఎత్తకపోతే పోనీ. ఏళ్ల తరబడి గడప దాటని మనిషి మార్కెట్లో తిరుగుతున్నాడంటే మాటలా!

మాస్టారు ఒకప్పుడు బడిలో డ్రాయింగు చెప్పేవారు. తర్వాత మనసుకి జబ్బు చేసింది. ఎవరికీ వినబడని గొంతులు ఆయనకు వినబడడం మొదలైంది. ఉద్యోగం పోయింది. స్నేహితులు ఒక్కొక్కరే మెల్లగా జారుకున్నారు. చివరికి అన్నావదినల ఇంట్లో, మేడ మీద పైగదిలో చేరారు. వారం వారం స్కూటీ వేసుకుని ఆ గదికి వెళ్లి, ఎదురుగా కుర్చీ లాక్కుని కబుర్లు చెప్పే మనిషి ఈ లోకం మొత్తమ్మీద నర్సమ్మ ఒక్కతే. ఆమె లేవగానే ఆయన మొహం చిన్నబోయేది.

"మళ్లీ ఎప్పుడొస్తారు?" అనేవారు.

ఇంతలో ఫోన్లు వచ్చాయి. ఇలాంటి రోగులందరికీ ఆసుపత్రి తలా ఒకటి పంచింది. మనిషి ఎక్కడెక్కడ తిరిగాడో, చుట్టూ ఎంతసేపు మాటలు వినబడ్డాయో ఆ ఫోనే కనిపెడుతుంది. సాయంత్రం కాగానే "ఈ రోజు ఎలా గడిచింది?" అని అడుగుతుంది. నవ్వు మొహమో ఏడుపు మొహమో నొక్కితే చాలు. జనంలో తిరిగితే ఆసుపత్రి కంప్యూటర్లోని ఊరి పటం మీద పేరు పక్కన ఆకుపచ్చ చుక్క పడుతుంది. ఒంటరిగా ఉంటే ఎర్ర చుక్క. ఎర్రవాళ్లింటికి నర్సు వెళ్లాలి, ఆకుపచ్చవాళ్లింటికి అక్కర్లేదు. డాక్టరుగారు పెట్టిన పద్ధతి అది. స్కూటీ పెట్రోలన్నా కలిసొస్తుంది కదా మరి!

మొదట్లో మాస్టారి చుక్క నిప్పుకణికలా ఉండేది. నర్సమ్మ మాస్టారి వదినకు ఫోన్ చేసి చెడామడా వాయించింది.

"ఏంటక్కా ఇది? ఫోను పొద్దస్తమానం ఆ గదిలోనే పడుంటే ఎలా? బజారుకెళ్లాలి, నలుగురి మాటలూ చెవిన పడాలి. ఇట్లాగే ఉంటే పెద్ద డాక్టరే మీ ఇంటికొచ్చి కూర్చుంటాడు."

"అయ్యయ్యో, అంత పని చేయకు తల్లీ! రేపట్నుంచి చూడు నువ్వే."

వదిన మాట తప్పే మనిషి కాదు. ఆమెకు టైలరింగ్ షాపుంది. అందులో ఆమె కత్తెరైనా ఆగుతుందేమో గానీ నోరు ఆగదు. చూస్తుండగానే చుక్క పసుపులోకి దిగింది, వారం తిరక్కుండా ఆకుపచ్చ అయింది. ఓ రోజు షాపు, ఓ రోజు మార్కెట్టు, ఓ రోజు పార్కు. సాయంత్రమైతే నవ్వు మొహం. ఒక్కనాడు కూడా ఏడుపు మొహం లేదు.

నర్సమ్మ ఇంటికి వెళ్లడం ఆగిపోయింది. మనసూరుకోక మధ్యమధ్యలో మాస్టారికి ఫోన్ చేస్తే వదినే ఎత్తేది.

"ఒక్కసారి ఆయనకివ్వక్కా."

"మా మరిదికి సిగ్గెక్కువ నర్సమ్మా. నలుగురూ ఉంటే పెదవి విప్పడు. నీకు తెలియందేముంది?"

నిజమే, ఆయన మొదట్నుంచీ అంతే. వెనకాల మిషన్ల చప్పుడు, ఆడవాళ్ల నవ్వులు వినబడేవి. ఆ సందట్లో ఓ మూల ఆయన కూర్చున్నారనుకుంటే నర్సమ్మకు కళ్లు చెమర్చేవి. నన్ను మర్చిపోయారన్నమాట, మంచిదేలే అనుకునేది. ఉన్నమాట చెప్పాలంటే కాస్త ఉక్రోషం కూడా వచ్చేది.

కొన్నాళ్లకు డాక్టరుగారు పిలిచారు.

"ఆ డ్రాయింగు మాస్టారిని ఇక మన కేసుల్లోంచి తీసేద్దామమ్మా. బాగుపడ్డ మనిషి చుట్టూ మనమెందుకు తిరగడం?"

"ఒక్కసారి కళ్లారా చూసొస్తాను సార్."

"చుక్క కనబడ్డం లేదా?"

"చుక్క కనబడుతోంది సార్. మనిషి కనబడి చాలా రోజులైంది."

తీసేస్తే ఇక ఆయన ఉన్నారా లేరా అని అడిగే నాథుడుండడు. నర్సమ్మకు భయమేసింది. అంతలోనే తన భయానికి తానే నవ్వుకుంది. నిక్షేపంలా తిరుగుతున్న మనిషికి తన కాపలా ఎందుకు?

చుక్క ఊరి మధ్యన మీటింగు హాల్లో ఉంది. టైలర్ల సంఘం వార్షికోత్సవం. స్వీటు పొట్లం కట్టించుకుని అక్కడికే వెళ్లింది. లోపల ఒకటే గోల. మైకులో ఎవరో మాట్లాడుతున్నారు, వినేవాడు ఒక్కడూ లేడు. వదిన ముందు వరసలో కూర్చుని, పక్కావిడ వీపు మీద చరుస్తూ పగలబడి నవ్వుతోంది.

"మాస్టారేరక్కా?"

"ఓ, నర్సమ్మా! రా రా, ముందు కూర్చుని కాఫీ తాగు."

నర్సమ్మ కూర్చోలేదు. వరస వరసా వెతికింది. గుమ్మం దాకా వెళ్లి చూసొచ్చింది. ఏమీ తోచక ఆయన నంబరు నొక్కింది.

వదిన ఒళ్లో హ్యాండ్‌బ్యాగు మోగింది.

నర్సమ్మ చేతిలో పొట్లం నలిగిపోయింది. "ఫోను ఇక్కడుంది సరే. మనిషేడక్కా? మనిషేడీ?"

"అంత హడలిపోతావేంటే పిచ్చిదానా, ఏం తప్పిపోలేదులే!" వదిన బ్యాగులో చెయ్యి పెట్టి ఫోను కట్టేసింది. ఆ చేత్తోనే ఇంకోటి పైకి తీసి నర్సమ్మ కళ్ల ముందు ఆడించింది.

"పైగది తాళంచెవి నా దగ్గరుంటే ఎక్కడికి పోతాడమ్మా?"