పదహారు మందికి వంట

"ర్యామ్ సాలది బాపూ. మనకాడ ఉన్నది నాలుగు, శుక్రవారం ఆటకు పదహారు కావాలె."

ప్రభాకర్ ఈ మాట అన్న క్షణానే వంటింట్లో కుక్కర్ కూత పెట్టింది. ప్రేమమ్మ చెవికి చేరేసరికి ర్యామ్ కాస్తా రాములయ్యాడు. రాములు ఒక్కడు చాలడట, పదహారు మంది కావాలట, అదీ శుక్రవారానికి. ప్రహరీ గోడ పని మొదలవుతున్నట్టుంది అనుకుని ఆమె బియ్యం డబ్బా మూత తీసి చూసుకుంది.

గోడ లేదు, గీడ లేదు. గొడవంతా ఆట గురించి.

ప్రేమమ్మ పెనిమిటి మల్లప్పకు డెబ్బై మూడేళ్లు. చందనవెల్లిలో కొలువు చేసే కొడుకు ప్రభాకర్, అక్కడ పక్కన పడేసిన కంప్యూటర్ ఒకటి చిన్న మంగళారం ఊళ్లోని ఇంటికి తెచ్చింది మొదలు, పెద్దాయన మోకాళ్ల మీద గొంగడి కప్పుకుని, గిరకల కుర్చీలో దాని ముందే. మంత్రులకైనా అయిదేళ్లకోసారి కుర్చీ గండం ఉంటుంది, మల్లప్పకు అదీ లేదు. చాయ్ అక్కడికే, అన్నం అక్కడికే. లగ్గమైన కాడినుంచి కూసున్నకాడికే అన్నీ అని ప్రేమమ్మ చర్చిలో ఆడవాళ్లకు చెప్పి నవ్వేది. నవ్వేదే గాని ఒక్కనాడూ విసుక్కోలేదు.

ఆయన రెండేళ్లుగా కాచుకున్న కొత్త ఆట 'అగ్నిలోయ' శుక్రవారం విడుదల. మన మనిషిని మనమే తయారుచేసి, పేరు పెట్టి, రెక్కల పాములూ మాయకోటలూ ఉన్న లోకంలోకి పంపాలి. రుచి చూడమని ముందే వదిలిన చిన్న ముక్కను మల్లప్ప ఆడి చూశాడు. తెరమీది మనిషి నాలుగడుగులు వేసి ఆగాడు. మళ్లీ నాలుగు వేసి ఆగాడు. ఆ పూట మల్లప్ప అన్నం ముట్టలేదు.

ఎక్కువ ర్యామ్ ఒక్కటే కాదు, గ్రాఫిక్స్ కార్డు కూడా ఉండాలని తేలింది. రేషన్ కార్డుంది, ఆధార్ కార్డుంది, ఇన్ని కార్డులుండీ బొమ్మల కార్డు లేని బీదోణ్ణయితినని ఆయన వాపోయాడు. చేవెళ్లలో కంప్యూటర్లు బాగుచేసే ఎల్లేశ్‌కు ప్రభాకర్ ఫోన్ చేశాడు.

శుక్రవారం ఎల్లేశ్ బండి దిగాడు. ప్రేమమ్మ అతని వెనక రోడ్డు చివరిదాకా చూసింది.

"ఒక్కనివే వచ్చినవా బిడ్డా? పదహారన్నరు గద?"

"జేబుల ఉన్నయవ్వా."

ప్రేమమ్మ అతని చొక్కా జేబు వంక చూసి, పరాచికాలాడుతున్నాడనుకుని అన్నం వార్చడానికి లోపలికి నడిచింది.

ఎల్లేశ్ కంప్యూటర్ డబ్బా విప్పి పెదవి విరిచాడు. "తాతా, ఇది పాతది. కొత్త కార్డును మోస్తదో లేదో. బొమ్మ జర మసకగ పెట్టుకుంటె నడుస్తది."

"నడుస్తది సరే. ఉరుకుతదా?"

"ఉరకకున్నా ఆట ఆడొచ్చు గద."

"ఆట గెలిచేదేమున్నది బిడ్డా. నాకు వాడు ఆగకుండ ఉరకాలె, గంతే."

ఎల్లేశ్ స్క్రూలు బిగిస్తుంటే మల్లప్ప ఊసుపోక అతని ఊరు అడిగాడు. ఆలూరు. తాత పేరు? ఎంకయ్య. మల్లప్ప కుర్చీ గిర్రున తిరిగింది.

"మొయినాబాద్‌ల చదువుకున్న ఎంకయ్యనా? అరవై తొమ్మిదిల జై తెలంగాణ అనుకుంట రోడ్డెక్కినం. పోలీసులు ఎంటవడ్డరు. అందరికన్న ముందల ఉరికింది నేనే."

"దొరకలేదా?"

"మీ తాత నన్ను భుజాల మీద ఎక్కించుకుని ఈ ఊరిదాంక తెచ్చిండు."

"అంటే ఊరేగించిండన్నట్టు," అని ఎల్లేశ్ నవ్వాడు.

"గసుంటి ఊరేగింపు ఎవనికీ వద్దు గాని, నేను మరువలేదు బిడ్డా," అన్నాడు మల్లప్ప.

కార్డు బిగిసింది. మీట నొక్కితే తెర నల్లగానే ఉంది. మల్లప్ప మొహమూ నల్లబడింది. ఎల్లేశ్ కార్డు ఊడదీసి, దుమ్ము ఊది, మళ్లీ గట్టిగా నొక్కాడు. తెర వెలిగింది. ఆట పూర్తిగా దిగడానికి గంట పడుతుందన్నాడు.

అప్పుడు ప్రేమమ్మ గడపలోకి వచ్చి, అన్నం చల్లారుతున్నది, రాములు వాళ్లంతా ఎప్పుడొస్తరని అడిగింది. ముగ్గురు మగవాళ్లూ మొహాలు చూసుకున్నారు. ఆమె వెనక గుండిగ నిండా అన్నం, పదహారు ఇస్తార్లు. సంగతి అర్థమై ప్రభాకర్ పొట్ట పట్టుకుని నవ్వాడు. ఎల్లేశ్ చొక్కా జేబులోంచి ర్యామ్ వచ్చిన ఖాళీ అట్టపెట్టె తీసి, వచ్చిన పదహారూ ఇందులోనే వచ్చినయవ్వా అని చూపించాడు. ప్రేమమ్మ కళ్లనీళ్లొచ్చేలా నవ్వి, పక్కింటి ధనమ్మ కుటుంబాన్నీ, ఎదురింటి స్వామిదాసు కుటుంబాన్నీ పిలిచి, అందరికీ చెప్పి మరీ వడ్డించింది. జేబులో పట్టే కూలీలను పంపినందుకు ప్రభువుకు స్తోత్రం అని ప్రార్థన కూడా చేసింది.

తిన్నాక అందరూ తెర ముందు చేరారు. మనిషికి పేరు అడిగింది ఆట. మల్లప్ప ఒక్కొక్క అక్షరం వెతికి 'ఎంకయ్య' అని కొట్టాడు.

"నీ పేరు పెట్టుకోవాలె గద తాతా?"

"ఇంత దూరం తెచ్చినోని పేరే ఉండాలె."

పచ్చిక మైదానంలో మనిషి నిలబడ్డాడు. మల్లప్ప వేలు మీట మీద పడింది. మనిషి ఉరికాడు. వాగు దాటాడు, గుట్ట ఎక్కాడు, ఎక్కడా ఆగలేదు. రెక్కల పాము ఇటు కాదు అటుందని ఎల్లేశ్ చెప్పినా మల్లప్ప వినిపించుకోలేదు. ప్రేమమ్మ జారిన గొంగడిని మళ్లీ ఆయన మోకాళ్ల మీదికి లాగి, భుజం మీద చేయి వేసింది.

అరవై తొమ్మిదిలో పోలీసుల దెబ్బలకు కాళ్లు పడిపోయాక మల్లప్ప పరుగెత్తడం అదే మొదటిసారి.