అక్క మొహం చూసి

ఎలక్ట్రీషియన్ పరీక్షలో పోయినసారి వైర్ల దగ్గరే తప్పాను. రేపు మళ్లీ వెళ్లాలి.

అక్క టేబుల్ మీద వైరు ముక్కలు కుప్ప పోసింది. "ఏదీ, కరెంటు వచ్చే ఎర్ర వైరు తియ్యి."

కుప్ప మీద చెయ్యి మెల్లగా జరిపాను. ఒకచోట అక్క కనుబొమ్మలు ముడిపడ్డాయి. ఇంకాస్త పక్కకి జరిపాను. మొహం విప్పారింది. అక్కడిదే తీశాను.

"శభాష్! ఇప్పుడు ఎర్తుది, ఆకుపచ్చది."

అదీ తీశాను. ఎన్నిసార్లు అడిగినా ఒక్కటీ తప్పలేదు.

"ఇంత బాగా వచ్చినవాడివి ఎలా తప్పావురా?" అని నవ్వబోయి ఆగిపోయింది. నా కళ్లు వైర్ల మీద లేవని అప్పుడు చూసింది.

చటుక్కున అటు తిరిగి నిలబడింది. "ఇప్పుడు తియ్యి, ఎర్రది."

ఎరుపూ ఆకుపచ్చా నాకు చిన్నప్పట్నుంచీ ఒకటే మట్టిరంగు. ఏదో ఒకటి తీసి తన చేతిలో పెట్టాను.

అక్క దాన్ని చూసి గుప్పిట మూసేసింది.

"ఎవరికీ చెప్పకక్కా. ఈసారీ తప్పితే నాన్నకి మొహం ఎలా చూపించను?"

"తప్పితే ప్రాణాలతో ఇంటికైనా వస్తావు కదరా," అంది. గుప్పిట మాత్రం విప్పలేదు.