అతుకు

"నూట ఇరవై ఇవ్వండి. మిలటరీ బండిది, మీ పాత వ్యానుకి అచ్చంగా సరిపోద్ది," అన్నాడు బసవయ్య, బందరులో తన పాత ఇనప కొట్టు ముందు వెనక యాక్సిల్‌ని దొర్లిస్తూ.

గుడివాడలో వెల్డింగు షెడ్డు నడిపే రాజారత్నం తొంభై అన్నాడు. సుత్తితో దాన్ని ఈ చివరనుంచి ఆ చివరిదాకా కొడుతూ వెళ్లాడు. ఖంగుమంటున్న మోత ఒకచోట బొంగురుపోయింది. అక్కడ దట్టంగా పూసిన గ్రీజుని కిరసనాయిలు గుడ్డతో తుడిచాడు. పాత అతుకూ, దాని మీద విచ్చిన బీటా బయటపడ్డాయి.

రాజారత్నం బసవయ్య మెడ పట్టుకుని ముఖాన్ని ఇనుముకేసి మోదాడు. ముక్కు చితికి రక్తం కారింది.

"ఏ బండిదిరా ఇది?"

"దివిసీమదండీ. నాట్లకెళ్లే ఆడాళ్లని ఎక్కించుకొస్తుంటే కరకట్ట మీద ఈ అతుకు బీటిచ్చింది. చక్రం వాలి బండి కాలవలో పడింది. ఏడుగురు పోయారు."

రాజారత్నం మళ్లీ మోదాడు. ఈసారి పన్ను ఊడింది.

"నేను కొన్నవాణ్ణండీ," అన్నాడు బసవయ్య నెత్తురు ఉమ్మి. "నన్ను చంపితే ఏమొస్తది? దీన్ని అతికించినోణ్ణి కొట్టండి."

రాజారత్నం అతణ్ణి వదిలేసి, వంగి, మిగిలిన గ్రీజు తుడిచాడు. అతుకు పక్కన చిన్న శిలువ గుర్తు కనిపించింది. పని ముగిసిన ప్రతిసారీ ప్రభువుకు స్తోత్రం చెప్పి, ఇనుము మీద పంచి ఉలితో ఆ గుర్తు కొట్టడం రాజారత్నం అలవాటు.

అతను వెల్డింగు చేసే తన కుడిచేతిని ఆ శిలువ మీద పరిచి, ఎడమచేత్తో సుత్తి ఎత్తాడు.