రెండు స్ప్రింగుల మోటారు

"ఇది దీని మోటారు కాదమ్మా," అన్నాడు మెకానిక్, ఆమె తెచ్చిన పాత గ్రామఫోను పెట్టె పై పలక ఎత్తి చూసి. "పలకకి నాలుగు బెజ్జాలున్నాయి, మోటారు మూడింటికే బిగించారు. దీంట్లో రెండు స్ప్రింగులది ఉండాలి. ఎవడో చేతివాటం చూపించాడు. అది నొక్కేసి ఒంటి స్ప్రింగుది అంటగట్టాడు."

ఆమె ముఖం మాడిపోయింది. "అందుకా, పాట సగంలోనే నీరసపడేది! 'చేతిలో సత్తువ చచ్చిందే అమ్మాయ్, కీ గట్టిగా తిప్పలేకపోతున్నా' అని నాన్న పోయేదాకా తననే తిట్టుకున్నాడండీ."

"వాడి చేతులు పడిపోను!" అంటూ మెకానిక్ మోటారును ఊడదీసి వెనక్కి తిప్పాడు.

స్ప్రింగు డబ్బా మీద సూదితో గీసిన చిన్న చేప కనబడింది. తాను బిగించిన ప్రతి మోటారు మీదా గుర్తుగా చేపను గీయడం అతనికి ముప్పై ఏళ్ల అలవాటు. దొంగపని చేసిన రోజు కూడా ఆ అలవాటు తప్పలేదు.

అతని బొటనవేలు గబుక్కున చేపను కప్పేసింది.

"ఎవరో తెలిసిందా?" అందామె. అంతలోనే కొట్టు ముందు పాడుతున్న అతని సొంత గ్రామఫోను వైపు చూసింది. "మీది భలే ఉందండీ. నేనొచ్చిన దగ్గర్నుంచీ రికార్డు మార్చారే గానీ ఒక్కసారి కూడా కీ తిప్పలేదు, రెండో పాట పాడుతోంది."

మెకానిక్ లేచి వెళ్లి, పాట మధ్యలోనే ముల్లు ఎత్తేశాడు. స్క్రూడ్రైవర్ అందుకుని తన పెట్టె పలక విప్పడం మొదలుపెట్టాడు.

"మీ నాన్నగారి చేతులకేం కాలేదమ్మా," అన్నాడు తల ఎత్తకుండా. "పడిపోవాల్సినవి ఇవి."