ఖర్జూర గింజల కాఫీ

“కత్తి తీసెయ్ లజ్‌హర్,” అన్నాడు హాజ్ తిజానీ, పెదవులు కదిలీ కదలకుండా.

అప్పటికే ఆయన గడ్డం కింద సన్నగా నెత్తురు చిమ్మింది. ముప్పై ఏళ్లుగా తోజర్ ఊళ్లో సగం గడ్డాలు లజ్‌హర్ చేతి మీదుగానే దిగుతున్నాయి. ఏనాడూ ఎవరికీ గాటు పడలేదు. ఇవాళ కత్తి పట్టిన కుడిచెయ్యి తన మాట వినకుండా దానంతట అదే వణుకుతోంది.

“ఏమీ అనుకోకు పెద్దాయనా. కాఫీ మానేస్తున్నాను కదా, దాని దెబ్బ ఇది,” అంటూ గాటు మీద పటిక అద్దాడు.

“అయితే మానకు నాయనా. నీ కాఫీ పోయేలోగా నా పీక పోయేలా ఉంది.”

వంతు కోసం బల్ల మీద కూర్చున్నవాళ్లు పకపకా నవ్వారు. లజ్‌హర్ కూడా నవ్వాడు. నవ్వాడే గాని, మనసు పోయిన అన్న మీదకు మళ్లింది. వాళ్లన్న జిలానీకి కూడా ముందు చెయ్యే వణికింది. ఆ తర్వాత తలనొప్పి. ఆ తర్వాత పేర్లు మరిచిపోవడం. తలలో గడ్డ ఉందన్నారు. ఏడాది తిరక్కుండానే మనిషి పోయాడు.

‘వాడిది గడ్డ. నాది కాఫీ,’ అనుకున్నాడు లజ్‌హర్. రోజుకు పదిసార్లు ఆ మాటే అనుకుంటున్నాడు.

నెల కిందట గుండె దడగా ఉందని ఆస్పత్రికి వెళ్తే, రోజుకు ఎనిమిది కప్పులు అనగానే డాక్టరు నోరు వెళ్లబెట్టాడు. “మానెయ్. కానీ ఒక్కసారిగా వద్దు, మెల్లమెల్లగా తగ్గించుకుంటూ రా. అయినా కాస్త తలనొప్పి, వణుకూ ఉండొచ్చు. కంగారు పడకు, కొద్దిరోజుల్లో పోతాయి,” అన్నాడు. ఆ ‘కంగారు పడకు’ అన్న మాటనే లజ్‌హర్ తాయెత్తులా పట్టుకున్నాడు.

ఉపాయం అతని అక్క చెప్పింది. ఖర్జూర గింజలు వేయించి, దంచి, ఒక సీసాడు పొడి పంపింది. చూడ్డానికి అచ్చం కాఫీ పొడే, కాఫీలో ఉండే కెఫీన్ మాత్రం లేదు. ఆ సీసాను భార్య మబ్రూకా చేతిలో పెట్టి, “మొదటి వారం కాఫీలో దీన్ని పావు వంతు కలుపు. రెండో వారం సగం, మూడో వారం ముప్పావు. నాలుగో వారం మొత్తం ఇదే. నా కళ్లముందు మాత్రం కలపకు, చూస్తే తాగలేను,” అని అప్పజెప్పాడు.

“కాఫీ లేకపోతే నీ మొహం ఎలా వాడిపోతుందో నీకేం తెలుసు? చూడలేక చచ్చేది నేను,” అంది మబ్రూకా, సీసా గూట్లో పెడుతూ.

మొదటి వారం లజ్‌హర్ కప్పు తిప్పి తిప్పి వాసన చూశాడు. “నారింజ పూల నీళ్లు వేసి భలే మాయ చేశావే. తేడా తెలియనే తెలియదు. గుండె దడ కూడా తగ్గింది చూడు.”

మబ్రూకా తలగుడ్డ చెంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

రెండో వారం తలనొప్పి పట్టుకుంది. “పోయే కాఫీ ఊరికే పోతుందా, తన్ని మరీ పోతోంది,” అని మూలిగాడు. “చాల్లే నీ వేషాలు,” అని ఆమె మళ్లీ నవ్వింది. మూడో వారం కప్పు చేతిలోంచి జారి పగిలింది. పెంకులు ఏరుతూ మబ్రూకా అతని చేతివంకే చూసింది. అప్పుడు నవ్వలేదు. మొన్నటికి మొన్న సొంత కూతురి పేరు గుర్తురాక “అదీ... మన పిల్ల” అన్నాడు. ఆ రోజంతా ఆమె తిండి ముట్టలేదు.

“ఇంకో డాక్టరుకు చూపిద్దామయ్యా,” అంది.

“దేనికి? ఈ వారం గడిస్తే అంతా సర్దుకుంటుంది,” అని కసిరాడు. కసిరింది కోపంతో కాదు, భయంతో.

హాజ్ తిజానీని సాగనంపి, మిగతావాళ్లను రేపు రమ్మని, మిట్టమధ్యాహ్నమే కొట్టు కట్టేశాడు లజ్‌హర్. దారిలో కాఫీ గింజలు వేయించే అమ్మార్ కేకేశాడు.

“కాఫీ మానేశానని ఊరంతా చాటింపు వేశావు గాని, మీ ఇంటికెళ్లే పొడి చిటికెడైనా తగ్గలేదేం?”

“ఆడవాళ్లు వచ్చిపోతుంటారు, వాళ్లు తాగుతారు,” అన్నాడు ఆగకుండానే. నాలుగడుగులు వేశాడో లేదో ఎడమకన్ను మసకేసింది. గోడ పట్టుకుని నిలబడిపోయాడు. అన్న కూడా ఇలాగే గోడలు పట్టుకుని నడిచేవాడు.

ఇంటికి చేరి చాప మీద కూలబడ్డాడు. “మబ్రూకా, ఇక నావల్ల కాదు. ఇవాళ హాజ్ తిజానీ గొంతు కోసేసేవాణ్ణి.”

ఆమె వచ్చి ఎదురుగా కూర్చుంది.

“ఒక్క కప్పు పెట్టు. ఆ గింజల పొడి కలపని అసలు కాఫీ. తాగితే వణుకు తగ్గాలి. తగ్గిందా, ఇది కాఫీ మానినందుకే అని తేలిపోతుంది. మళ్లీ మొదటి నుంచీ మానుకుంటాను. తగ్గకపోతే...” ఆమె మొహంలోకి చూశాడు. “తగ్గుతుంది కదూ?”

మబ్రూకా లేవలేదు. వణికే ఆ చేతిని రెండు చేతుల్లోకి తీసుకుంది.

“నీ మొహం వాడితే చూడలేనన్నాను కదయ్యా,” అంది.

“అందుకే పెట్టమంటున్నాను. లే.”

ఆమె కళ్లలోంచి నీళ్లు జారి అతని వేళ్ల మీద పడ్డాయి.

“ఈ నెలంతా నువ్వు తాగింది అసలు కాఫీయే.”