కళ్ళ కోసం మనవి

చెల్లెలు మంచినీళ్ళ గ్లాసులతో హాల్లోకి రాగానే కొత్తాయన చటుక్కున తల దించుకున్నాడు.

అది అక్క కంట పడింది.

ఆ ఇంట్లో అక్క కంట పడనిది ఏదీ ఉండదు. సంఘం యువజన కూడిక ఆదివారం సాయంత్రాలు వాళ్ళ హాల్లోనే జరుగుతుంది, నడిపించేది ఆమే. వయసుతో పనిలేకుండా అందరికీ అక్కే. పాస్టర్ గారు కూడా ఒకట్రెండుసార్లు నోరు జారి అక్కా అనేశారు.

ఆ రోజు చర్చ, క్రైస్తవ యువత ఏం చూడాలి, ఏం చూడకూడదు అని.

"కొట్టుకోవడాలు, నరుక్కోవడాలు ఉన్న సినిమాలు వద్దు," అంది అక్క.

"ప్రేమకథలో అక్కా?"

"చివర్లో పెళ్ళి ఉంటే ఆలోచిద్దాం."

"మరి ఫుట్‌బాల్?"

"మీ జట్టు గెలుస్తున్నంతసేపూ చూడు. ఓడిపోతే నీ నోరు నీ మాట వినదు."

అందరూ నవ్వారు. కొత్తాయనా కొంచెం నవ్వాడు. మేడ మీది గదిలో అద్దెకు దిగి వారమైంది. ఏం పని చేస్తారని ఎవరడిగినా "కంప్యూటర్ పనండి" అని ఊరుకుంటాడు.

ప్రార్థన మనవులు చెప్పమంటే అతని వంతు వచ్చింది.

"నా కళ్ళ కోసం ప్రార్థన చేయండి."

"చూపు ఆనడం లేదా అన్నా?" అడిగాడో కుర్రాడు.

"బాగా ఆనుతుంది తమ్ముడూ. అదే ఇబ్బంది."

ఆ మాట అక్కకి ఎక్కడో తగిలింది.

నెల కిందట చెల్లెలు కాలేజీలో మూర్ఛ వచ్చి పడిపోయింది. ఎవడో దాన్ని ఫోన్లో తీసి, డాన్సు పాట అతికించి వదిలాడు. చూసినవాళ్ళంతా పడీపడీ నవ్వారు. చెడ్డ సినిమాలు చూడబోమని ఒట్టేసిన ఈ కూడిక పిల్లల్లోనే ఇద్దరు దాన్ని నలుగురికీ పంపారు. చెల్లెలు గది తలుపులు వేసుకుంది. చదువు మానేస్తానంది. ఆ వీడియో తీసేయమని అక్క ఫిర్యాదు మీద ఫిర్యాదు పెట్టింది, ఉపవాసముండి ప్రార్థించింది. మూడో రోజుకి ఆ వీడియో ఎక్కడా లేదు. దేవుడు విన్నాడని అక్క ఏడ్చేసింది.

ఇప్పుడిప్పుడే చెల్లెలు మళ్ళీ మనుషుల్లోకి వస్తోంది. వస్తే ఇదిగో, ఇతను.

'చూసే ఉంటాడు. చూసి నవ్వే ఉంటాడు. అందుకే ముఖం చెల్లడం లేదు,' అనుకుంది అక్క.

రెండు రోజుల తర్వాత ఆరేసిన బట్టల కోసం మేడెక్కింది. అతని గది తలుపు ఓరగా తీసి ఉంది. లోపల తెర మీద ఒక మనిషిని నలుగురు కింద పడేసి కొడుతున్నారు. సినిమా కాదు, నిజంగానే. అతను కదలకుండా చూస్తున్నాడు. అయిపోయాక వెనక్కి తిప్పి మళ్ళీ చూశాడు.

"ఏమిటండీ అది?"

అతను ఉలిక్కిపడి తెర ఆర్పేశాడు. "అయ్యో, మీరు చూశారా? ఇలాంటివి మీరు చూడకూడదండి."

"మీరు మాత్రం చూడొచ్చా? ఎందుకు చూస్తున్నారు?"

"చెప్పకూడదండి."

"మా చెల్లెలి వీడియో కూడా చూశారు కదూ?"

అతను ఆరిపోయిన తెర వైపు చూశాడు. "చూశానండి," అన్నాడు.

"ఇక కూడికకి రాకండి. అక్కడ చిన్నపిల్లలుంటారు."

"సరేనండి." అక్క వెనుదిరిగాక మెల్లగా అన్నాడు, "ప్రార్థన మాత్రం మరిచిపోకండి."

అక్క బట్టలు భుజాన వేసుకుని దిగిపోయింది. అందరి మనవులూ దేవుడి ముందు పెట్టింది గాని, ఆ ఒక్కటీ పెట్టలేదు.

మరుసటి నెలలో అతను గది ఖాళీ చేశాడు. పీడ విరగడైందనుకుంది అక్క.

ఆ వారమే మెడలో ఆఫీసు కార్డుతో ఒకమ్మాయి వచ్చింది.

"మేడ మీద ఉండే సార్ ఆఫీసు కంప్యూటర్ గదిలోనే ఉంచానన్నారండి. తీసుకెళ్దామని వచ్చాను."

"ఆయనెందుకు రాలేదు?"

"మానేశారండి. కళ్ళు మూసుకున్నా అవే కనబడుతున్నాయట, నిద్ర లేదట. ఫోన్ కూడా తీసేశారు. ఎక్కడున్నారో మాకూ తెలీదు."

అంతలో చెల్లెలు గది తాళంచెవి పట్టుకుని వచ్చింది. ఆ అమ్మాయి ఆమె ముఖం చూసింది. చటుక్కున తల దించుకుంది.

అచ్చం అతనిలాగే.

అది కూడా అక్క కంట పడింది. చెల్లెలు మేడెక్కేదాకా ఆగి అడిగింది, "మా చెల్లెలు నీకెలా తెలుసమ్మా?"

"బయట చెప్పకూడదండి."

"నీకు పుణ్యముంటుంది, చెప్పు తల్లీ."

ఆ అమ్మాయి గొంతు తగ్గించింది. "జనం ఫిర్యాదు చేసిన వీడియోలు చూసి తీసేయడం మా పనండి. ఒక్కోటి రెండుసార్లు చూస్తే గాని తీసేయలేం. ఆ వీడియోల్లో ఉన్నవాళ్ళు ఎప్పుడైనా ఎదురుపడితే వాళ్ళు సిగ్గుపడకూడదు, మనమే తల దించుకోవాలని సార్ నేర్పారు."

అక్కకి ఆ మూడో రోజు గుర్తుకొచ్చింది.

"మీ చెల్లెలిది ఒకచోట తీసేస్తే పదిచోట్ల పైకి లేచేదండి," అంది ఆ అమ్మాయి, మేడ మెట్ల వైపు చూస్తూ. "మన డ్యూటీ అయిపోయింది, ఇంటికెళ్దాం సార్ అంటే, ఆ పిల్ల మళ్ళీ కాలేజీకి వెళ్ళాలి కదమ్మా అని, ఆఖరిది పోయేదాకా ఆయన కుర్చీలోంచి లేవలేదు."