ఫోటో అడగని చుట్టం

ఆ రోజు కూడా చుట్టం వచ్చి వెళ్లిపోయాడు.

తప్పిపోయిన వాళ్ల వివరాలు పెట్టే వెబ్‌సైట్ అది. ఒక్కొక్కరికి ఒక్కో పేజీ, పేజీకో ఫోటో. ఎవరు ఏది తెరిచినా సర్వర్ ఒక వరుస రాసుకుంటుంది, పేజీకొకటి, ఫోటోకొకటి. ఆ వరుసల ఫైలునే లాగ్ అంటారు. లాగ్ చదివి, వచ్చింది మనిషో యంత్రమో తేల్చే చిన్న ప్రోగ్రాము, అదే స్క్రిప్టు, రాసుకున్నాడు అతను. ఆఫీసులో అందరూ అతన్ని లాగ్ మాస్టారు అంటారు. అనడమే తప్ప, అతను కూర్చునే వెనక గదిలోకి వచ్చి పలకరించే నాథుడు లేడు.

అందుకే, రోజూ ఒకే కంప్యూటర్ అడ్రసు నుంచి ఒకే పేజీకి వచ్చిపోయే యంత్రానికి చుట్టం అని పేరు పెట్టుకున్నాడు. నా అన్నవాళ్లు లేని మనిషికి అదో కాలక్షేపం.

"సర్వర్ నత్తనడక నడుస్తోంది. యంత్రాలన్నిటినీ ఆపేయండి," అంది మేనేజరు, గుమ్మంలోనే నిలబడి.

"ఒకటి మాత్రం పాపం, దేని జోలికీ పోదు మేడమ్. ఒక్క పేజీ చూసి వెళ్లిపోతుంది."

"ఫోటో అడుగుతోందా?"

"అడగదు."

"మరింకేం? మనిషైతే ఫోటో చూడకుండా పోతాడా? ఆ రూలు పెట్టింది మీరే కదా!"

పెట్టింది తనే. చుట్టాన్నీ ఆపేశాడు. ఇకమీదట ఆ అడ్రసు నుంచి ఎవరొచ్చినా "మీకు ప్రవేశం లేదు" అనే కనబడుతుంది.

మర్నాటి నుంచి గది మరీ బోసిపోయింది. యంత్రం మీద బెంగేమిట్రా అని తనను తానే తిట్టుకున్నాడు.

కొన్నాళ్లకు, చుట్టం రోజూ చూసిన ఆ పేజీ పెట్టించిన ఆవిడ ఆఫీసుకి వచ్చింది. తమ్ముడి కోసం వెతుక్కుంటున్న అక్క. మాటా మాటా పెరిగి, ఇంట్లోంచి పొమ్మన్నది ఆవిడేనట. వాడు నిజంగానే వెళ్లిపోయాడు. అప్పటి నుంచీ ఆవిడకు కంటి మీద కునుకు లేదు.

"మా వాడి పేజీ ఎవరైనా చూస్తున్నారా సార్?"

"ఎవరూ లేరమ్మా."

"పోన్లెండి, నేను చూస్తున్నా. కొత్త ఫోన్ కొన్నాను. మొదటిసారి వాడి ఫోటో రావడానికి ఎంతసేపు పట్టిందో! మళ్లీ తెరిస్తే టక్కున వచ్చేసింది. అదెలా సార్?"

"ఒకసారి వచ్చిన ఫోటోని ఫోనే దాచుకుంటుందమ్మా. మళ్లీ సర్వర్‌ని అడగ..."

కుర్చీ తెర వైపు తిప్పుకున్నాడు.

గబగబా పాత లాగ్ తీశాడు. చుట్టం మొట్టమొదట వచ్చిన రోజు వరుసల్లో ఫోటో ఉంది. ఆ ఒక్కసారే అడిగి తీసుకున్నాడు. ఆ తర్వాత దాచుకున్నదే చూసుకుంటూ వచ్చాడు.

మనిషి!

"ఏమైంది సార్? అలా అయిపోయారేంటి?"

"ఒక్క నిమిషం కూర్చోండమ్మా."

ఆ అడ్రసు మీది కట్టడి తీసేశాడు. ఇప్పుడు తీసి ఏం లాభం? ఆపేసి చాలా రోజులైంది.

వెనక్కి పంపేసిన వాళ్ల వరుసలు కూడా లాగ్‌లో ఉంటాయి. అక్కరలేదని స్క్రిప్టు వాటిని వదిలేస్తుంది. ఈసారి వాటినే చదివించాడు.

ఆపేసిన రోజుదే ఒక వరుస కనబడింది. అప్పటికే తెరిచి పెట్టుకున్న పేజీలో, అడుగున కబురు రాసే గడిలో ఏదో రాసి పంపబోయాడు చుట్టం. సర్వర్ పుచ్చుకోలేదు. ప్రవేశం లేదని మొహం మీదే చెప్పేసింది. రాసింది మాత్రం అర్థం కాని గుర్తులుగా, అంకెలుగా లాగ్‌లో పడి ఉంది.

వాటిని తెలుగు అక్షరాల్లోకి మార్చమని స్క్రిప్టుకి చెప్పాడు. ఆవిడ కూడా లేచి వచ్చి తెర వైపు వంగింది.

"అక్కా, నేనే. రమ్మంటే రేపే బయల్దేరతాను."